నిలబెట్టిన డబ్బా

కెప్టెన్‌కి సముద్రం పడదు. ఒడ్డున నిలబడి అలల్ని కాసేపు అదేపనిగా చూసినా కడుపులో తిప్పుతుంది. పడవ మాటెత్తితేనే నోట్లో నీళ్లూరతాయి, అవి ఆకలి నీళ్లు కావు. అలాంటి మనిషికి ఆ పేరు పెట్టింది బీచ్‌లో గొడుగులూ కుర్చీలూ అద్దెకిచ్చే ముసలాయన. ఒకరోజు ఆమె తెల్లటోపీ పెట్టుకుని, నడుం మీద చేతులేసుకుని, చెప్పులు కూడా తడవనంత దూరంలో నిలబడి, నీళ్లలో ఉన్న మరిది మీద కేకలేస్తుంటే చూశాడు. "ఏం కెప్టెన్, ఓడెప్పుడు బయల్దేరుతుంది?" అన్నాడు. పేరు అంటుకుంది. ఇప్పుడు కూరగాయల కొట్టువాడు కూడా అలాగే పిలుస్తాడు. పెళ్లి నాటి పేరు మొగుడికైనా గుర్తుందో లేదో.

ఆమె చేసే పని నీళ్ల మీద పరుగెత్తే జెట్ స్కీ బండ్లు అద్దెకివ్వడం. రెండున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఇలాంటి ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు మనకో జబ్బుంది. కడలిని జయించిన వనిత అనో, అలలతో ఆటలాడే ధీర అనో మొదలుపెట్టేస్తాం. ఈమె ఏ కడలినీ జయించలేదు, జయించే ఉద్దేశం కూడా లేదు. ఒకప్పుడు బీచ్ చివరనున్న హోటల్లో పనివాళ్ల యూనిఫారాలు కుట్టేది. హోటల్ వాళ్లు రెడీమేడ్ బట్టలకి మళ్లారు. అదే ఏడు వాళ్ల పాత జెట్ స్కీలు రెంటిని వదిలించుకోవాలనుకున్నారు. మొగుడు దూరప్రాంతం బస్సు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. మరిదికి ఇంజన్ల పని వచ్చు, కుదురుగా ఒకచోట ఉద్యోగం చేయడం రాదు. కుట్టుమిషన్ మూలకి చేరింది, బండ్లు ఒడ్డుకి చేరాయి. జరిగిందింతే.

వాళ్ల కొట్టు ఇసుక మీద నాలుగు గుంజలు, పైన రేకు. లోపల తాడు మీద వరసగా లైఫ్ జాకెట్లు వేలాడుతుంటాయి. ఎప్పుడూ పూర్తిగా ఆరవు కాబట్టి తడి స్పాంజి వాసన, దానిమీద పెట్రోల్ వాసన. మూలన గుడ్డ కప్పిన కుట్టుమిషన్. అది ఉత్తినే లేదు. జాకెట్ల పట్టీలు తెగితే కెప్టెనే కుడుతుంది. పిల్లల జాకెట్ ఒకటి నడుం పట్టీ మొదలంటా ఊడిపోతే, పారేయడానికి చేతులు రాక, ఇదంతా జరగడానికి వారం ముందే మందం దారంతో అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా కుట్టింది.

ఇక డబ్బాల సంగతి చెప్పాలి. కథంతా వాటి చుట్టూనే ఉంది.

బండ్లకి ట్యాంకు నిండా పెట్రోల్ పోయరు. పోస్తే ఊరుకోరు జనం. హద్దుకి గుర్తుగా నీళ్లలో తేలే నారింజరంగు బుంగ దాకా వెళ్లి తిరిగి రమ్మంటే, బీచ్‌కి ఓ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొసని దాటి అవతలికి పోతారు. ఆ కొసని ఇక్కడివాళ్లు ముక్కు అంటారు. ముక్కు అవతల ఒడ్డు లేదు, నీళ్లలో తలలు ముంచి లేపే నల్లరాళ్లున్నాయి. అందుకని మరిది ఒక పద్ధతి పెట్టాడు. లోపల పెద్ద పీపా. దానిపక్కన ఒక్కో బండికీ దాని రంగుదే ఒక చిన్న డబ్బా. డబ్బాడు పెట్రోల్ ఒక చక్కరుకి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది. బండి తిరిగిరాగానే దాని డబ్బాని ఇసుకలో పడుకోబెడతారు, అంటే బండి ఆకలిగా ఉందని. పీపాలోంచి పట్టి బండికి పోశాక ఖాళీ డబ్బాని నిలబెడతారు, అంటే బండి తిన్నదని. ఎర్ర బండికి పెట్రోల్ చూపించే ముల్లు ఏనాడో సగం దగ్గర ఆగి చచ్చిపోయింది. దాన్ని బాగుచేయించాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. డబ్బా ఉందిగా.

వదినా మరిదీ రోజంతా ఒకరినొకరు "పోశావా?" అని అడిగే పనే లేదు. ఒక చూపు చాలు. ఈ ఏర్పాటు చూసి ఇద్దరూ లోలోపల గర్వపడేవాళ్లు కూడా. కాకపోతే ఇంట్లో మూడోమనిషికి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

మూడోమనిషి అత్తగారు. ఆవిడకి సర్దడం ఒక వ్యసనం. డాక్టరు దగ్గరికెళ్తే ఆయన నాడి చూసేలోపు ఆయన బల్లమీది పెన్నులు సర్దేస్తుంది. బస్సులో ముందు సీటువాడి చొక్కా కాలర్ మడత పడితే చేత్తో తీసిన సందర్భముంది. మోకాళ్ల నొప్పుల వల్ల బీచ్‌కి వచ్చేది కాదు. ఆ రోజు మరిది భోజనం క్యారియర్ ఇంట్లో మరిచిపోయాడు. ఆవిడ తిట్టుకుంటూ, ఇసుకలో ఒక్కో కాలూ పీకి వేసుకుంటూ వచ్చింది.

వచ్చేసరికి కొట్టులో ఎవరూ లేరు. నీలం బండి ఎక్కడో ప్లాస్టిక్ సంచిని లోపలికి పీల్చుకుని మొరాయిస్తే, మరిదీ కెప్టెనూ దాన్ని చక్రాల బల్లమీద ఒడ్డుకి లాగుతున్నారు. అప్పుడే ఒక చక్కరు తిరిగొచ్చిన ఎర్ర బండి ఒడ్డున నీళ్లలో ఊగుతోంది. కొట్టులో నీలం డబ్బా నిలబడి ఉంది. ఎర్ర డబ్బా పక్కకి పడి, మూతి ఇసుకలో పెట్టుకుని ఉంది.

ఆవిడ క్యారియర్ దించింది. ఎర్ర డబ్బాని లేపింది. మూతికి అంటిన ఇసుకని కొంగుతో తుడిచింది. నీలం డబ్బా పక్కన నిలబెట్టింది. రెండు పిడులూ ఒకేవైపు చూసేలా తిప్పింది. అప్పుడు గానీ కుర్చీలో కూలబడలేదు.

సరిగ్గా అప్పుడొచ్చారు ఆ ముగ్గురూ. మొగుడూ పెళ్ళామూ, నాలుగో ఐదో చదివే కూతురూ. ఆయన నడకలోనే తెలిసిపోతోంది, ఆఫీసులో నలుగురికి పని పురమాయించే మనిషని. సెలవుల్లో పురమాయించడానికి ఎవరూ దొరక్క ఇబ్బంది పడుతున్నాడు.

"ఎర్రది కావాలి," అన్నాడు.

"ఉన్నదే అది సార్. నీలంది పొట్ట పాడయింది," అంది కెప్టెన్, చేతులు తుడుచుకుంటూ కొట్టులోకి వస్తూ.

వస్తూ ఒక చూపు చూసింది. డబ్బా నిలబడి ఉంది. నీలం బండి లాగే ముందే మరిది పోసేసి ఉంటాడు, పర్లేదే, బాధ్యత వస్తోంది అనుకుంది. నీలం బండి కింద వెల్లకిలా దూరిన మరిది కూడా, తల తిప్పి కొట్టువైపు చూశాడు. డబ్బా నిలబడి ఉంది. వదిన ఎప్పుడు పోసిందో, ఎంత చురుకో అనుకున్నాడు. ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి గౌరవం పెరిగింది. ఆ గౌరవమే కొంప ముంచబోయింది.

కెప్టెన్ తండ్రికి జాకెట్ తొడిగింది. పిల్లకి తను కుట్టిన చిన్న జాకెట్ తొడిగి, పట్టీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది.

"ఊపిరాడట్లేదు ఆంటీ."

"ఆడకపోతే మాట్లాడలేవు. సరిపోయింది."

మరిది బండి కింద నుంచి లేచొచ్చి ఎప్పుడూ చెప్పే పాఠం చెప్పాడు. "సార్, ఈ తాడు మణికట్టుకి. మీరు పడిపోతే ఇది ఊడిపోద్ది, ఇంజన్ ఆగిపోద్ది. మళ్లీ తగిలిస్తే స్టార్ట్ అవుద్ది. ఇదిగో, బండి ముక్కు కింద ఈ కొక్కెం తాడేసి లాగడానికి, మీకు పనిలేదు. బుంగ దాకా వెళ్లి తిరిగి వచ్చేయండి. కొండకొస దాటొద్దు సార్."

సార్ ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేసుకుంటున్నాడు. వింటున్నది కూతురు.

"దాటితే ఏమవుతుంది?" అంది ఆ పిల్ల.

"మా వదిన అరుస్తుంది," అన్నాడు మరిది.

పెళ్ళాం మాత్రం ఎక్కనంది. "మీ నాన్న స్కూటర్ నడిపితేనే నాకు గుండె దడ, నీళ్ల మీద కూడానా," అని కూతురికి చెప్పి, గొడుగు కింద కూర్చుంది.

ఎర్ర బండి కొంచెం దగ్గి, గొంతు సర్దుకుని, తోక వెనక తెల్లటి నురగ లేపుకుంటూ పోయింది. అత్తగారు క్యారియర్ విప్పింది. కెప్టెన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నీళ్ల వైపు చూడకుండా చెవులతో బండిని వెంబడించింది. ఆమెకి అలవాటది. కళ్లతో చూస్తే తిన్నది నిలవదు.

శబ్దం బుంగ దగ్గరికి వెళ్లింది. అక్కడ తిరగాలి. తిరగలేదు. సన్నబడుతూ, సన్నబడుతూ ముక్కు వెనక్కి పోయింది.

"చూశావా, దాటేశాడు," అంది ఆమె.

"రానీ వదినా, నాలుగు వాయిద్దువు గానీ," అని మరిది మళ్లీ నీలం బండి కిందికి దూరాడు.

ముక్కు వెనక నుంచి శబ్దం దోమ రొదలా వినపడుతోంది. తర్వాత రెండుసార్లు తెగి కలిసింది. తర్వాత లేదు.

అలల చప్పుడు, అవతల ఎవరివో నవ్వులు. ఆమె ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది.

"ఆగింది."

"పడిపోయుంటారు," బండి కింద నుంచి మరిది. "తాడు ఊడుంటది. ఎక్కి స్టార్ట్ చేస్తాడులే."

నిజమే. ఎక్కువసార్లు జరిగేది అదే. మొదటిసారి ఎక్కినవాడు మలుపు తిప్పబోయి పడిపోతాడు, ముక్కులోకి నీళ్లు పోయి కాసేపు తుమ్ముతాడు, పరువు కూడదీసుకుని ఎక్కుతాడు. దానికి కొంత సమయమివ్వాలి. ఇచ్చారు. ఆమె డబ్బా వైపు ఇంకోసారి చూసింది. నిలబడి ఉంది. పెట్రోల్ ఉన్న బండి, జాకెట్లు ఉన్న మనుషులు. భయపడాల్సిందేం లేదు. కానీ గాలి మారింది. ఇందాకటి దాకా గొడుగుల అంచులు ఒడ్డువైపు ఎగిరేవి. ఇప్పుడు ముక్కువైపు ఎగురుతున్నాయి.

గొడుగు కింద నుంచి ఆ తల్లి లేచి వచ్చింది. "మావాళ్లు కనపడట్లేదేంటండీ?"

"కొండ చాటుకి వెళ్లారమ్మా. వస్తారు."

"వెళ్లొద్దన్నారుగా?"

"అన్నామండీ. అందరికీ అంటాం."

"మా ఆయనకి వద్దంటే అదే చేయాలనిపిస్తుంది," అంటూ ఆవిడ నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేసింది. "వస్తారుగా?"

"వస్తారు."

ధైర్యం చెప్పడం గొప్ప గుణమంటారు. చాలాసార్లు అది ఎదుటిమనిషి నోరు మూయించే ఉపాయం. ఆ క్షణంలో కెప్టెన్‌కి కావలసింది నిశ్శబ్దం. శబ్దం మళ్లీ మొదలవుతుందేమోనని చెవులు రిక్కించి ఉంది. మొదలవలేదు. పడినవాడు ఎక్కడానికి ఇంతసేపు పట్టదు. పోనీ ఆయనకి చేతకాలేదనుకుందామా, ఆ పిల్ల పాఠం మొత్తం విన్నది. తాడు తగిలించమని అదైనా చెప్తుంది.

ఆమె నీలం బండి దగ్గరికి నడిచింది. నడుస్తూ నడుస్తూ పరుగెత్తింది.

"ఎంత పోశావు?"

మరిది తల బయటపెట్టాడు. ముఖం నిండా గ్రీజు. "దేన్లో?"

"ఎర్రదాన్లో. నిండా పోశావా, సగమేనా?"

"నేనెక్కడ పోశాను? నువ్వు పోశావు కదా?"

"నేను నీతో పాటు దీన్ని లాగుతున్నా కదా!"

"మరి డబ్బా..."

ఇద్దరూ ఒకేసారి కొట్టువైపు తిరిగారు. రెండు డబ్బాలు నిలబడి ఉన్నాయి. రెండు పిడులూ ఒకేవైపు చూస్తున్నాయి. వాళ్లిద్దరూ ఏనాడూ పిడులు అలా తిప్పి పెట్టలేదు. వాటి వెనక కుర్చీలో అత్తగారు క్యారియర్ గిన్నెలు పెద్దది కిందా చిన్నది పైనా పేరుస్తోంది.

ఒకరినొకరు తిట్టుకోవడానికి కూడా టైం లేదు. మరిది బండి కిందికి దూరి, నీళ్లు పీల్చే జాలీ లోపలికి చెయ్యి పెట్టి, సంచిని బూతులతో కలిపి పీకడం మొదలుపెట్టాడు. అది ఇరుసుకి చుట్టుకుని, కరిగి, తాడులా బిగుసుకుపోయింది. కెప్టెన్ ఫోన్ తీసింది. లైఫ్‌గార్డు టవర్ బీచ్ ఆ చివరన ఉంది. గార్డు ఫోనెత్తాడు, కానీ ఆస్పత్రి నుంచి. ఎవరినో జెల్లీఫిష్ కుడితే తీసుకెళ్లాడట. "వచ్చేస్తున్నా కెప్టెన్, ఎటు గాలి?" అన్నాడు.

"ముక్కు వైపు."

"అయితే నాకోసం ఆగకండి," అన్నాడు.

ఆ తల్లి పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలీదు. "ముక్కు వైపు అంటే ఏంటి? అక్కడేముంది?"

"రాళ్లున్నాయమ్మా."

"వస్తారన్నారుగా!"

కెప్టెన్ కత్తెర కోసం కొట్టులోకి పరుగెత్తింది. యూనిఫారాల గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర, మిషన్ సొరుగులో ఉంటుంది. దానితో సంచి తెగింది. మరిది ముక్కలు ముక్కలుగా లాగి పారేశాడు. నీలం బండికి డబ్బాడు పట్టారు. తొందరలో కొంత ఇసుక తాగింది. ఎర్ర డబ్బా నిండా పట్టి మూత బిగించి, లాగే తాడుచుట్టతో సహా నీలం బండి వెనక కట్టారు. బల్లని నీళ్లలోకి నెట్టారు.

మరిది ఎక్కాడు. వెనక్కి చూశాడు.

"వదినా, నువ్వు కూడా రావాలి."

"నేనా? నేనేం చేస్తాను అక్కడ?"

"నేను నడపాలి. తాడు విసరాలి, వెనక చూడాలి, పిల్లని పట్టుకోవాలి. నాకు రెండు చేతులే ఉన్నాయి."

ఆమె చుట్టూ చూసింది. గొడుగుల ముసలాయనకి చూపానదు. అత్తగారికి మోకాళ్లు. ఆ తల్లి నీళ్లలోకి అప్పటికే నడుములోతు వచ్చేసి, "నేనొస్తా, నన్నెక్కించుకోండి," అంటోంది. ఆవిడ ఎక్కితే అక్కడ పిల్లని చూసి దూకేస్తుంది. అప్పుడు నీళ్లలో ఇంకో మనిషిని కూడా వెతకాలి.

"టోపీ పట్టుకోండి," అని కెప్టెన్ తెల్లటోపీ ఆవిడ చేతిలో పెట్టి ఎక్కింది.

మొదటి అల దాటగానే తిన్నదంతా వచ్చేసింది. మరిది వీపు మీద.

"పర్లేదు, పర్లేదు," అని అరిచాడతను, "గట్టిగా పట్టుకో చాలు!"

బండి ఒక్కో అలమీద ఎగిరి పడుతోంది. పడినప్పుడల్లా ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి. కళ్లు మూసుకుంటే ఇంకా ఘోరం, తెరిస్తే నీలిరంగు ఊగుతోంది. ఆమె బుర్రలో మాత్రం ఒకే ఒక్క వస్తువు తిరుగుతోంది, ఆ చిన్న జాకెట్ పట్టీ. అడ్డం, నిలువు, మళ్లీ అడ్డం. చివర ముడి వేసిందా? వేసింది. రెండుసార్లు వేసిందా? దారం కొత్త రీలుదా, పాతదా? పాత రీలు తడిసి ఎండి పుచ్చిపోయి ఉంటుంది. కుట్టిన రోజు సాయంత్రం కరెంటు లేదు, వెలుతురు సరిగ్గా లేదు. ఎన్ని వందల యూనిఫారాలు కుట్టింది, ఒక్కదాని కుట్టు గురించీ ఇలా ఆలోచించలేదు. జేబు ఊడితే వెయిటర్ తిట్టుకుంటాడు, అంతే కదా.

ముక్కు దాటారు.

ఎర్ర బండి కనపడింది. అనుకున్న దానికంటే చాలా అవతల, రాళ్లకి చాలా దగ్గర. అల లేచినప్పుడు బండి కనపడి రాళ్లు మాయమవుతున్నాయి, అల దిగినప్పుడు రాళ్లు లేచి బండి మాయమవుతోంది. తండ్రి బండి మీద కూర్చుని రెండు చేతులూ ఊపుతున్నాడు. ముందు కూతురు ఉండాల్సిన చోట ఎవరూ లేరు.

"పిల్ల ఏది?" అని కెప్టెన్ అరిచింది. అరిచానని అనుకుంది. గొంతులోంచి పుల్లటి నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

ఇంకో అల దిగింది. అప్పుడు కనపడింది. బండి పక్కన నీళ్లలో, నారింజరంగు జాకెట్. పిల్ల మెడదాకా మునిగి, బండి అంచు పట్టుకుని కాళ్లతో తన్నుతోంది. బండిని రాళ్ల నుంచి అవతలికి నెడుతోంది. నెట్టగలిగిందని కాదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా అన్నట్టుంది.

రాళ్లు అంత దగ్గరుంటే అలల మీద పెట్రోల్ పోసే వీల్లేదు, లాగాల్సిందే. మరిది వేగం తగ్గించి దగ్గరికి పోనిచ్చాడు. "సార్! తాడు విసురుతుంది, పట్టుకోండి!"

కెప్టెన్ విసిరింది. తాడు మధ్యలోనే పడింది. లాక్కుని మళ్లీ విసిరింది. ఆయన అందుకుని హ్యాండిల్‌కి చుట్టడం మొదలుపెట్టాడు.

"దానికి కాదు సార్! కింద, ముక్కు కింద కొక్కెం!"

"ఎక్కడ? ఏ ముక్కు?"

"నాన్నా, ఇటివ్వు!" పిల్ల నీళ్లలోంచి చెయ్యి చాపింది. తాడు చివరి ఇనపకొండీ పట్టుకుని బండి ముందుకి పాకుతున్నట్టు ఈదింది. అల వచ్చి ముఖం మీద కొట్టింది. తల మునిగింది, లేచింది. జాకెట్ లేపింది. పిల్ల ఉమ్మేసి, బండి కిందికి చేయిపెట్టి తడిమి, తగిలించింది.

"తగిలింది!"

"ఇటు రా తల్లీ, ఇటు రా," అంటూ కెప్టెన్ వంగి, జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని లాగింది. పిల్ల బరువంతా, నీళ్ల బరువంతా ఆ నడుం పట్టీ మీద పడింది. ఆమె కళ్లు కుట్టుమీదే ఉన్నాయి. ఒక దారప్పోగు లేచి నిలబడింది. మిగతావి నిలిచాయి. పిల్ల చేపలా జారి ఇద్దరి మధ్యా పడింది.

తర్వాతే అసలు నరకం. మరిది లాగడం మొదలుపెట్టాడు, నత్తనడకన. వెనక అలలు రాళ్లమీద పగులుతున్న చప్పుడు దగ్గరగానే ఉంది.

"తొందరగా పోనీవయ్యా!" వెనక నుంచి తండ్రి గొంతు చించుకుంటున్నాడు.

"కుదరదు సార్! తొందరగా లాగితే ఇంజన్లోకి నీళ్లెక్కి బండి మునిగిపోద్ది! మీరు కదలకండి!"

కెప్టెన్ వెనక్కి తిరిగి, తాడు మీద ఒక చెయ్యేసి దానివైపు చూస్తూ కూర్చుంది. తాడు వదులైతే చెప్పాలి, బిగిస్తే చెప్పాలి. "వదులు. బిగిసింది. వదులు," అని చెప్తూ, మధ్యమధ్యలో పక్కకి వంగి కక్కుతూ, ఇంకో చేత్తో పిల్లని పొట్టకి అదుముకుని. ఒకచోట రాయి ఒకటి ఎర్ర బండి అడుగుని గీరింది. ఆ చప్పుడు తాడు గుండా వచ్చి ఆమె అరచేతికి తెలిసింది. పిల్ల కూడా విన్నట్టుంది, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత రాళ్ల చప్పుడు ఒక్కో అలకీ కొంచెం కొంచెం వెనకబడింది. ముక్కు దాటాక గాలి ఎదురైంది, బీచ్ కనపడింది, నడుములోతు నీళ్లలో తెల్లటోపీ పట్టుకుని ఒక ఆకారం కనపడింది.

ఒడ్డుకి చేరాక ఆ తల్లి ముందు కూతుర్ని ముట్టుకుని, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, అంతా ఉందని చూసుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఆయన ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఆఫీసు మొత్తం ఆయన ముఖంలోంచి దిగిపోయింది.

"నాదే తప్పు," అన్నాడాయన. "దాటొద్దంటే దాటాను. గట్టిగా తిప్పేసరికి ఇంజన్ పోయింది. మీ బండి పాడు చేశాను."

మరిది కళ్లు మెరిశాయి. "అంతే కదా సార్, పాత ఇంజన్, మరీ అంత గట్టిగా..."

"కాదండీ," అంది కెప్టెన్. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. "ఇంజన్ బాగానే ఉంది. పెట్రోల్ లేదు. మేం పోయలేదు."

దీన్ని నిజాయితీ అనాలని ఎవరికైనా అనిపించవచ్చు. అబద్ధం ఆడాలంటే ఒంట్లో కాస్త ఓపికుండాలి. దాన్ని నిలబెట్టాలి, తర్వాత ప్రశ్నలొస్తే అతుకులు వేయాలి. ఆమె దగ్గర అప్పుడు ఏమీ మిగల్లేదు, ముక్కు అవతల మొత్తం కక్కేసి వచ్చింది.

ఆ తల్లి దగ్గరికొచ్చింది. "నేనడిగినప్పుడు మీకు తెలుసా?"

"మొదటిసారి అడిగినప్పుడు తెలీదు. రెండోసారికి తెలిసిపోయింది."

ఆవిడ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనే అనుకున్నారంతా. కెప్టెన్ కూడా అనుకుంది, పక్కకి జరగలేదు. ఆవిడ ఆ చేత్తో తెల్లటోపీని కెప్టెన్ తలమీద బలంగా నొక్కిపెట్టి, కూతురి రెక్క పట్టుకుని నడిచింది. నాలుగడుగులు వేసి మొగుడితో, "మీరు రండి. గదికెళ్లాక చెప్తా," అంది. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి, "ఆంటీ, మీరు నాకంటే ఎక్కువ భయపడ్డారు," అంది. తిట్టో మెచ్చుకోలో తేల్చుకునేలోపు వెళ్లిపోయింది.

గార్డు వచ్చి, విని, ముల్లు బాగుచేసేదాకా ఎర్ర బండి నీళ్లలో దిగడానికి వీల్లేదని తేల్చి వెళ్లాడు. మరిది చొక్కా విప్పి సముద్రంలో జాడిస్తున్నాడు.

అత్తగారు కుర్చీలోంచి లేచి రాలేదు. ఆవిడకి చూపూ చెవులూ బాగానే ఉన్నాయి, లెక్క తేలిపోయింది.

"ఆ డబ్బా ఏంటి మీ గోల?" అంది చివరికి.

మరిది చెప్పాడు. పడుకోబెడితే ఆకలి, నిలబెడితే తిన్నట్టు.

"ఎప్పటినుంచి?"

"మొదట్నుంచీ."

"నాకెవరైనా చెప్పారా?" అంది ఆవిడ. "ఇంట్లో వస్తువు కిందపడి ఉంటే లేపనా? అదేమన్నా తప్పా? మీ ఇద్దరికే తెలిసిన భాష మీరు మాట్లాడుకుంటూ, మధ్యలో నన్ను కూర్చోబెట్టి..."

"మీ తప్పేం లేదత్తయ్యా," అంది కెప్టెన్.

"అలా అనకు. ఓదార్చకు నన్ను. నా చేత్తో నిలబెట్టానే, ఆ పిల్ల..." ఆవిడ పిడులు ఒకేవైపు చూస్తున్న రెండు డబ్బాల్ని చూసింది. సర్దడానికి ఏమీ కనపడక చేతులు ఒళ్లో పెట్టుకుంది. కెప్టెన్ ఆవిడ పక్కనే ఇసుకలో కూలబడింది. కాసేపటికి ఆవిడ, అడక్కుండానే, కోడలి జుట్టుకి అంటిన ఉప్పూ ఇసుకా కొంగుతో తుడవసాగింది.

ఇప్పుడు ముల్లు పనిచేస్తోంది. పనిచేస్తున్నా ఎవరూ నమ్మరు, అందరికంటే తక్కువ నమ్మేది అత్తగారు. మోకాళ్ల నొప్పులతోనే రోజూ వస్తుంది. ఏ బండి బయల్దేరబోయినా ఆపి, ట్యాంకు మూత తీయించి, ఇంట్లోంచి తెచ్చిన పాత చెక్కగరిటె కాడ లోపలికి దించి, పైకి తీసి, తడి ఎంతవరకూ వచ్చిందో వేలితో కొలిచి, అప్పుడు వెళ్లమంటుంది. సెలవులకి వచ్చినవాళ్లు అదేదో శుభానికి చేసే తంతు అనుకుని ఫోటోలు తీసుకుంటారు. మొన్న ఒకాయన ఆగి అడిగాడు కూడా.

"ఏంటమ్మా ఇది, ఏదైనా ఆచారమా?"

"అబ్బే," అంది ఆవిడ, గరిటె కాడ కొంగుతో తుడుస్తూ. "మా ఇంట్లో ఒకళ్లనొకళ్లం నమ్మం నాయనా. ఇక వెళ్లు, పిల్లల్ని గట్టిగా పట్టుకో."

డబ్బాలు రెండూ మేకులకి వేలాడుతున్నాయి. ఇప్పుడు వాటికి పడుకోవడమూ లేదు, నిలబడడమూ లేదు. పిడులు మాత్రం ఒకేవైపు చూస్తుంటాయి. కెప్టెన్ మళ్లీ బండి ఎక్కలేదు. ఎక్కుతుందని ఎవరూ అనుకోవడం లేదు. తెల్లటోపీ పెట్టుకుని, చెప్పులు తడవనంత దూరంలో నిలబడి, పిల్లల జాకెట్ పట్టీలు ఒక్కోటీ భుజాల దగ్గర పట్టి లాగి చూస్తుంటుంది. ఇప్పుడు రెండుసార్లు లాగుతుంది.